ఒక్క డోర్ స్పీకర్ మూగబోయిందని స్టీరియో మార్చకండి

మీరు అడిగింది ఇదీ: 2014 మోడల్ చిన్న కారు, డ్రైవర్ వైపు ముందు డోర్ స్పీకర్ పాడటం మానేసింది, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. నెల కిందట తలుపు కాస్త గట్టిగా వేస్తే మళ్లీ వచ్చేది, రెండు వారాలుగా అసలు చప్పుడే లేదు. షాపులో చూపిస్తే స్టీరియో లోపల ఒక ఛానెల్ (ఒక స్పీకర్‌కి పాట పంపే భాగం) పోయింది, ఆండ్రాయిడ్ సెట్టు, స్పీకర్లు కలిపి 18 వేలు అవుతుంది అన్నారు. వేయించాలా వద్దా అని.

ఆ 18 వేలు ఇప్పుడే ఇవ్వకండి. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని 22 ఏళ్లుగా చేస్తున్నాను, మీ ప్రశ్నలో ఉన్న ఒక్క మాట చాలు నాకు, "తలుపు గట్టిగా వేస్తే వచ్చేది" అన్న మాట. స్టీరియో డ్యాష్‌బోర్డులో ఉంది, తలుపు వేస్తే దాని లోపలి ఛానెల్ పోవడం రావడం ఉండదు. తలుపుతో పాటు కదిలేవి రెండే, డోర్‌లో ఉన్న స్పీకర్, దాని దాకా వెళ్లే వైరు. కాబట్టి ముందు అనుమానించాల్సింది ఆ రెండింటినే, అందులోనూ వైరునే ఎక్కువగా.

డ్రైవర్ తలుపు తెరిచి బందుల దగ్గర చూడండి, బాడీకీ డోర్‌కీ మధ్య మడతలు మడతలుగా ఒక నల్ల రబ్బరు గొట్టం కనిపిస్తుంది. పవర్ విండో, లాకు, స్పీకర్ వైర్లన్నీ దాని లోపల నుంచే వెళ్తాయి. రోజుకు 10 సార్లు తలుపు తీసి వేశారనుకున్నా పదేళ్లలో 36 వేల సార్లు పైగా ఆ వైర్లు ఒకే చోట వంగి లేచినట్టు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. చివర్లో రెండు మూడు పోగులు మిగిలినప్పుడు తలుపు వేస్తే తగులుతాయి, తీస్తే విడిపోతాయి, మీకు నెల రోజులు జరిగింది అదే అయి ఉంటుంది. అవి కూడా తెగాక ఇక తలుపు ఎంత గట్టిగా వేసినా రాదు. డ్రైవర్ వైపు తలుపే ఇలా ఎక్కువగా పోవడానికి కారణం కూడా ఇదే, కారులో ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా ఆ తలుపు మాత్రం ప్రతిసారీ తెరుస్తాం.

పవర్ విండో పనిచేస్తోంది కదా, వైరింగ్ పోతే అది కూడా పోవాలి కదా అని షాపులో అన్నారని రాశారు. అది సరైన లెక్క కాదు. విండో మోటారు వైర్లు లావుగా ఉంటాయి, స్పీకర్ వైర్లు సన్నగా ఉంటాయి, గొట్టం ఒకటే అయినా ఏ వైరుకు ఆ వైరు విడిగా తెగుతుంది.

అలాగని నా మాట మీద నేరుగా వైరు కోయమని చెప్పను. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక టాక్సీ డ్రైవర్ ఇలాగే ఒక డోర్ స్పీకర్ రావట్లేదని వచ్చాడు. వేళ్లతో తట్టి చూసి స్పీకర్ పోయిందని చెప్పి కొత్త జత వేసి డబ్బు తీసుకున్నాను. వేసినప్పుడు పాడింది, మూడో రోజు మళ్లీ వచ్చాడు. అప్పుడు విప్పి చూస్తే గొట్టంలో వైరు తెగి ఉంది, నేను స్పీకర్ మార్చేటప్పుడు వైరు కదిలి కాసేపు తగిలిందంతే. ఆయన రోజుకు సంపాదించేది ఎంతో నాకు తెలుసు, ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ ఆ రోజు నుంచి కొలిచి చూడకుండా ఏ పార్టూ మార్చలేదు. మీకు చెప్పేది కూడా అంతే, కొలవండి, తర్వాతే కొనండి.

ముందు ఏదీ విప్పకుండా సీట్లో కూర్చునే చేసేవి. సెట్టింగుల్లో బ్యాలెన్స్, ఫేడర్ చూడండి. బ్యాలెన్స్ అంటే ఎడమ కుడి, ఫేడర్ అంటే ముందు వెనక. మొత్తం కుడికి, మొత్తం ముందుకు తిప్పితే ఆ ఒక్క డోర్ స్పీకరే పాడాలి. వాల్యూమ్ కొంచెం పెంచి చెవి డోర్‌కి ఆనించి వినండి. అసలేమీ లేకుంటే ఒక రకం, చాలా సన్నగా గరగరమంటూ వస్తుంటే ఇంకో రకం. సన్నగా గరగర వస్తే స్పీకర్ కాయిల్ (లోపలి రాగి తీగ చుట్ట) రుద్దుకుంటోందని అనుమానించాలి. అసలేమీ రాకపోతే ఎక్కడో తెగి ఉండవచ్చు. పిల్లలు సెట్టింగులు నొక్కేసి బ్యాలెన్స్ ఒక పక్కకు పోయిన కార్లు కూడా నా దగ్గరికి వచ్చాయి, అందుకే ఇది మొదట చూడమంటున్నాను. రేడియోలో, బ్లూటూత్‌లో, పెన్‌డ్రైవ్‌లో మూడింట్లోనూ అదే స్పీకర్ రావట్లేదని కూడా చూసుకోండి.

తర్వాత అసలైన పరీక్ష, దీనికీ పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, తాళం చెవి యాక్సెసరీలో పెట్టి, బ్యాలెన్స్ అలాగే ఉంచి మామూలు వాల్యూమ్‌లో ఒక పాట పెట్టండి. ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టండి. మీరు బయట నిలబడి తలుపును మెల్లగా పూర్తిగా తెరవండి, మెల్లగా వేయండి, తర్వాత సగం తెరిచి ఆ రబ్బరు గొట్టాన్ని చేత్తో పట్టుకుని మెలిపెట్టండి, లోపలికి నొక్కండి, ఇటు అటు లాగండి. ఒక్కసారి "టక్" మన్నా, అర సెకను పాట వినిపించినా దొరికినట్టే. ఏమీ వినిపించకపోతే వైరు బాగుందని అనుకోకండి, పూర్తిగా తెగిపోయి చివరలు దూరం జరిగితే ఎంత కదిపినా తగలవు. మీది అలాగే ఉండవచ్చు.

ఇక డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలివైపు తొడుగు, విప్పాలి. భయపడాల్సిన పని కాదు, తొందర పడకూడదు అంతే. బ్యాటరీ నెగెటివ్ తీసి పెట్టుకుంటే మంచిది, కాకపోతే కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీసి పెట్టాక సెక్యూరిటీ కోడ్ అడుగుతాయి, మీ కారు పుస్తకంలోనో కార్డు మీదో ఆ కోడ్ ఉందో లేదో ముందే చూసుకోండి. డోర్‌లో ఎక్కడైనా పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), పసుపు తొడుగు ఉన్న వైరు కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు, మల్టీమీటర్ అసలు పెట్టొద్దు, అది ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన వైరు.

ప్యాడ్‌కి స్క్రూలు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి, లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత కింద, చెయ్యి పెట్టుకునే గుంటలో, అంచుల్లో ఒకటో రెండో. స్క్రూలన్నీ తీశాకే లాగాలి, ఒక్కటి మిగిలినా ప్లాస్టిక్ చీలుతుంది. కింది అంచులో ప్లాస్టిక్ పట్టీ దూర్చి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయండి, స్క్రూడ్రైవర్ వాడితే పెయింటు పోతుంది. కొన్ని క్లిప్పులు విరుగుతాయి, అది మామూలే, ముందే ఓ పది కొత్తవి తెచ్చి పెట్టుకోండి, చాలా చవక. క్లిప్పులు ఊడాక ప్యాడ్‌ని పైకి ఎత్తితే వస్తుంది, వెనక స్విచ్చుల కప్లరు, హ్యాండిల్ కేబులు ఉంటాయి కాబట్టి ఒక్కసారిగా లాగేయకండి. లోపల నల్ల జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని చించి పారేసే మెకానిక్కులు చాలామంది ఉన్నారు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. వాన నీళ్లు అద్దం సందులోంచి డోర్‌లోకి దిగడం మామూలే, కింద రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు లోపలివైపు రాకుండా ఆపేది ఆ షీటే. అది లేకుండా రెండు వానాకాలాలు గడిస్తే ప్యాడ్ ఉబ్బుతుంది, స్పీకర్ పేపర్ కోన్ మెత్తబడుతుంది, కాళ్ల కింద మ్యాట్ తడిసి వాసన వస్తుంది.

స్పీకర్ కనిపించాక దాని కప్లర్ పీకండి. పాట పెట్టి చూసే పరీక్షలకు ముందు, బ్యాటరీ తీసి ఉంటే మళ్లీ తగిలించండి. ఇక్కడ మీటర్ లేకపోయినా తేలిపోయే ఒక దారి చెబుతాను, చాలామందికి తట్టదు. ముందు డోర్లు రెండింటికీ స్పీకర్ కప్లర్ ఒకే రకం ఉంటుంది. పాడట్లేదన్న స్పీకర్‌ని విప్పి తీసుకెళ్లి ఎడమ డోర్ కప్లర్‌కి తగిలించండి, ఎడమ స్పీకర్‌ని తెచ్చి కుడి డోర్ కప్లర్‌కి తగిలించండి. మీ "చచ్చిపోయిన" స్పీకర్ ఎడమవైపు పాడితే స్పీకర్‌లో ఏ లోపమూ లేదు, అక్కడితో ఒక అనుమానం తీరిపోయింది. అక్కడా పాడకపోతే, బాగున్న స్పీకర్ కుడివైపు పాడితే, స్పీకరే పోయింది, స్టీరియో జోలికి, వైరు జోలికి వెళ్లక్కర్లేదు. బాగున్న స్పీకర్ కూడా కుడివైపు పాడకపోతే వైరో స్టీరియోనో. రెండో డోర్ విప్పడం ఇష్టం లేకపోతే పాత స్పీకర్ ఏదైనా, ఇంట్లో మూలన పడేసిన మ్యూజిక్ సిస్టమ్‌ది అయినా సరే, 4 ఓమ్స్ నుంచి 8 ఓమ్స్ మధ్య ఉంటే చాలు, రెండు క్రొకడైల్ క్లిప్పులతో తగిలించి తక్కువ వాల్యూమ్‌లో వినండి. నా టూల్ బాక్సులో ఇలాంటి ఒక చిన్న స్పీకర్ ఎప్పుడూ ఉంటుంది, మీటర్ కన్నా దాన్నే ఎక్కువ వాడతాను.

మీటర్ ఉంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది, 500 లోపు దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు. ఓమ్స్‌లో 200 రేంజిలో పెట్టి ముందు రెండు పిన్నులూ ఒకదానికొకటి తాకించండి, 0.2 నుంచి 0.5 దాకా ఎంతో కొంత చూపిస్తుంది, అది మీటర్ వైర్ల సొంత రెసిస్టెన్స్, తర్వాత రీడింగులోంచి తీసేయాలి. ఇప్పుడు స్పీకర్ రెండు కాళ్ల (వైర్లు తగిలే రేకుల) మధ్య కొలవండి. కార్ల స్పీకర్లు చాలావరకు 4 ఓమ్స్ అని రాసి ఉంటాయి, మీటర్‌లో మాత్రం 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది, తక్కువ చూపించిందని కంగారు పడొద్దు, రాసి ఉండేది ఏసీ లెక్క, మీటర్ కొలిచేది డీసీ. ఓఎల్ (రేంజి దాటిందని అర్థం) అని గానీ, ఎడమ చివర ఒక్క 1 మాత్రమే గానీ వచ్చి అలాగే ఉండిపోతే కాయిల్ తెగింది. 1 ఓమ్ కన్నా తక్కువ వస్తే కాయిల్ కాలి లోపల షార్ట్ అయింది, అలాంటి స్పీకర్‌ని మళ్లీ స్టీరియోకి తగిలించొద్దు, సెట్టు లోపల స్పీకర్లను నడిపే చిప్పు, అంటే ఐసీ మీద భారం పడుతుంది. ట్వీటర్ (సన్న స్వరాలు పలికే చిన్న స్పీకర్) విడిగా ఉంటే ఒక మాట గుర్తుంచుకోండి, ట్వీటర్‌కి సిరీస్‌లో చిన్న కెపాసిటర్ ఉంటుంది, దానితో కలిపి కొలిస్తే బాగున్న ట్వీటర్ కూడా ఓఎల్ చూపిస్తుంది, అది చూసి పోయిందనుకుని పారేసిన వాళ్లను చూశాను.

రీడింగు సరిగ్గా ఉన్నా ఇంకో రెండు పరీక్షలు చేయాలి. మీటర్ పెట్టి ఉంచి కోన్‌ను నాలుగు వేళ్లతో మధ్యకు సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అంకె నిలకడగా ఉండకుండా ఓఎల్‌కి ఎగిరి వస్తుంటే కోన్ నుంచి కాలికి వెళ్లే అల్లిన సన్నని వైరు తెగబోతోంది. తలుపు గట్టిగా వేస్తే రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, అందుకే స్పీకర్‌ని పూర్తిగా వదిలేయమనలేదు. ఆ వైరును ఓపిక ఉన్నవాళ్లు సోల్డరింగ్ చేసి బతికిస్తారు. నొక్కినప్పుడు ఇసుక రాసుకున్నట్టు చప్పుడు వస్తే కాయిల్ పక్కకు జరిగి రుద్దుకుంటోంది, తుప్పు పట్టి కూడా అలా అవుతుంది, దాన్ని బాగుచేయించడం కన్నా మార్చడమే చవక. ఇక 1.5 వోల్టుల గోడ గడియారం బ్యాటరీ తీసుకుని రెండు వైర్లతో స్పీకర్ కాళ్లకు ఒక్క క్షణం తాకించండి, "టప్" మని కోన్ కదలాలి, బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి వస్తుంది. ఇది చేసేటప్పుడు స్పీకర్ కప్లర్ తప్పనిసరిగా పీకి ఉండాలి, లేకపోతే బ్యాటరీ కరెంటు స్టీరియో లోపలికి పోతుంది. కారు 12 వోల్టుల బ్యాటరీతో మాత్రం ఎప్పుడూ చేయొద్దు, కాయిల్ కాలిపోవచ్చు.

స్పీకర్ బాగుందని తేలితే వైరు దగ్గరికి. డ్యాష్‌బోర్డులోంచి స్టీరియో బయటికి లాగి వెనక కప్లర్లు పీకండి. ఇది మర్చిపోవద్దు, స్టీరియో తగిలి ఉండగా వైరు బీప్ (వైరు తెగకుండా ఉంటే మీటర్ చేసే చప్పుడు) చూస్తే తప్పుడు రీడింగు వస్తుంది. బయటి కంపెనీ సెట్టు అయితే వైర్ల రంగులు దాదాపు అందరివీ ఒకటే, ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద రంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా, ప్రతి జతలో నల్ల గీత ఉన్నది మైనస్. మీకు కావాల్సింది బూడిద రంగు జత. కారుతో వచ్చిన కంపెనీ వైరింగ్‌లో మాత్రం రంగులు వేరుగా ఉంటాయి, ఈ లెక్క అక్కడ నమ్మకండి.

మీటర్ బీప్‌లో పెట్టి, ఒక పిన్నుకి రెండు మూడు మీటర్ల వైరు కలిపి పొడవు చేసుకుని, స్టీరియో వైపు ప్లస్ నుంచి డోర్ కప్లర్ ప్లస్‌కి చూడండి, తర్వాత మైనస్ నుంచి మైనస్‌కి. రెండూ బీప్ అనాలి. అనకపోతే తెగిన వైరు అదే. అన్నా సరే అక్కడితో ఆగకుండా తలుపు తీస్తూ వేస్తూ చూడండి. ఆ తర్వాత ఒక్కో వైరు నుంచి కారు బాడీకి చూడండి, అక్కడ బీప్ రాకూడదు. వస్తే వైరు తొడుగు చీలి బాడీకి తగులుతోంది. మీ విషయంలో ఇది అయ్యే అవకాశం తక్కువ, ఎందుకంటే ఒక స్పీకర్ వైరు బాడీకి తగిలితే చాలా సెట్లు తమను తాము కాపాడుకోవడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి నాలుగు స్పీకర్లనూ ఆపేస్తాయి, మీకు మూడు హాయిగా పాడుతున్నాయి.

వైరు కూడా బాగుంటే అప్పుడు మాత్రమే స్టీరియోను అనుమానించాలి. అందులోనూ ఊహించక్కర్లేదు. పరీక్ష స్పీకర్‌ని నేరుగా స్టీరియో వెనక బూడిద రంగు జతకి తగిలించి వినండి. పాడితే స్టీరియో నిర్దోషి. పాడకపోతే, తెల్ల జతకి తగిలిస్తే పాడితే, ఆ ఛానెల్ నిజంగానే పోయింది, షాపు వాళ్లు చెప్పింది నిజమే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. పాత రోజుల్లో స్పీకర్ మైనస్‌ని బాడీ ఎర్త్‌కి వేసేవాళ్లు, ఇప్పటికీ కొందరు "ఒక వైరు తెగితే ఏముంది, బాడీకి వేసేద్దాం" అంటారు. ఇప్పటి స్టీరియోల్లో అది చేయకూడదు. ఈ సెట్లలో స్పీకర్ రెండు వైర్లూ ఐసీ నుంచే వస్తాయి, ఒకటి పైకి తోస్తుంటే ఇంకొకటి కిందికి లాగుతుంది, రెండింటి మీదా బాడీతో పోలిస్తే బ్యాటరీ వోల్టేజిలో సగం, అంటే సుమారు 6 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది. అందులో ఏ ఒక్కదాన్ని బాడీకి వేసినా ఐసీని షార్ట్ చేసినట్టే. మంచి ఐసీకి తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఉంటుంది, చవక సెట్లలో దాన్ని నమ్మలేం. టెస్ట్ ల్యాంపు కూడా ఈ వైర్ల మీద పెట్టొద్దు.

ఆ 6 వోల్టులే పరీక్షకు కూడా పనికొస్తాయి. స్టీరియో ఆన్ చేసి వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ తగిలించకుండా, డీసీ 20 వోల్టుల రేంజిలో ఒక్కో వైరుకీ బాడీకీ మధ్య కొలవండి, రెండూ దాదాపు సమానంగా 6 దగ్గర ఉండాలి. ప్లస్ మైనస్ మధ్య నేరుగా కొలిస్తే దాదాపు సున్నా రావాలి. అక్కడ ఒక వోల్టు, రెండు వోల్టులు కనిపిస్తే ఆ ఛానెల్ పాడైంది, దానికి ఎంత మంచి కొత్త స్పీకర్ తగిలించినా కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. "కొత్త స్పీకర్ వేసినా వారంలో పోయింది" అనే వాళ్లలో కొందరి కథ ఇదే, స్పీకర్ కంపెనీని తిడతారు గానీ చంపేది స్టీరియో.

ఛానెల్ పోయినా సెట్టు మొత్తం పారేయక్కర్లేదు. చాలా సెట్లలో టీడీఏ7388, టీడీఏ7560 లాంటి 25 కాళ్ల ఐసీ ఒకటే నాలుగు ఛానెళ్లకూ ఉంటుంది, ఒక ఛానెల్ పోతే ఆ ఐసీ మార్చాలి. చేయి తిరిగిన వాళ్లకు అది గంట పని. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో, ఇటువైపు అయితే ఆటోనగర్‌లో అడగండి. అసలైన ఐసీ వేస్తారా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇప్పుడు మీ వైరు బాగుచేయడం. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. రబ్బరు గొట్టాన్ని బాడీ వైపు, డోర్ వైపు అంచుల దగ్గర నొక్కి బయటికి లాగండి, కొన్ని కార్లలో బాడీ వైపు కప్లర్ ఉంటుంది, అది ఉంటే పని తేలిక. తెగిన చోటు దొరికాక అక్కడికక్కడే రెండు చివరలూ మెలిపెట్టి టేపు చుట్టి లోపలికి తోసేయడం మామూలుగా జరిగేది. అది కొన్ని నెలలకు మించి ఉండదు. జాయింటు ఉన్న చోట వైరు బిగుసుకుంటుంది, సోల్డరింగ్ పారిన చోట ఇంకా బిగుసుకుంటుంది, ఆ బిగుసుకున్న చోటు మళ్లీ మళ్లీ వంగితే దాని పక్కనే తెగుతుంది. కాబట్టి వంగే భాగంలో జాయింటు ఉండకూడదు. తెగిన వైరులో ఓ అడుగు ముక్క మొత్తం తీసేసి, కొత్త వైరు ఒకే ముక్కగా గొట్టంలోంచి లాగి, ఒక జాయింటు కారు లోపల, రెండోది డోర్ లోపల, రెండూ కదలని చోట వేయండి. కొత్త వైరు సన్న పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి రాగి వైరు కావాలి, ఇంటి వైరింగ్‌లో వాడే బిరుసు వైరు పనికిరాదు. జాయింటుకు హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వేయండి. మామూలు నల్ల టేపు వద్దు, మన మే నెల ఎండలో నిలబెట్టిన కారులో దాని జిగురు కరిగి టేపు జారిపోతుంది. పై నుంచి గుడ్డ టేపు చుట్టుకోవచ్చు. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు వైరు లాగుకోకుండా కాస్త వదులు ఉంచండి.

విప్పారు కాబట్టి స్పీకర్ రెండో వైరు కూడా మార్చేయండి, అదీ అన్నేళ్లూ అంతే వంగింది, ముందు ముందు అదీ పోవచ్చు. మిగతా వైర్లను వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి, ఎక్కడైనా మరీ మెత్తగా, లోపల రాగి లేనట్టు వంగితే అది కూడా తెగిందని అర్థం. పని అయ్యాక గొట్టం అంచులు రెండూ గాడిలో సరిగ్గా కూర్చోవాలి. బాడీ వైపు అంచు వదులుగా ఉంటే వాన నీరు వైర్ల వెంటే లోపలికి పాకుతుంది, ఆ దారిలో ఫ్యూజు బాక్సు ఉండే కార్లు కూడా ఉన్నాయి.

ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. తారుమారైతే స్పీకర్ పాడుతుంది గానీ ఎడమ కోన్ బయటికి వచ్చేటప్పుడు కుడి కోన్ లోపలికి పోతుంది, బేస్ అంతా పలచబడిపోతుంది. డ్రమ్స్ ఉన్న పాట పెట్టి బ్యాలెన్స్ మధ్యలోకి తెచ్చినప్పుడు బేస్ తగ్గి, ఒక పక్కకు తిప్పితే పెరిగితే తారుమారైనట్టే.

ఇంకో మాట, కొన్ని కార్లలో తెగేది గొట్టంలో కాదు, ఎలుకలు కొరుకుతాయి. కారు చాలా రోజులు కదలకుండా ఉంటే డ్యాష్‌బోర్డు కింద, కార్పెట్ కింద వైరు చూడండి, తొడుగు ముక్కలు, పెంటికలు కనిపిస్తే అదే. మీరు రోజూ తిప్పే కారే కాబట్టి ఇది తక్కువ.

ఒకవేళ స్పీకరే పోయిందని తేలితే రెండు ముందు డోర్లకూ ఒకేలాంటి జత వేయండి, పాతది ఒకటి కొత్తది ఒకటి ఉంటే ఎప్పటికీ సమంగా వినిపించవు. పాత స్పీకర్ తీసుకెళ్లి సైజు, లోతు రెండూ కొలిపించండి. వెనక మ్యాగ్నెట్ లోతు ఎక్కువైతే అద్దం దించినప్పుడు తగులుతుంది, బిగించే ముందు అద్దం పూర్తిగా దించి చూడాలి. 4 ఓమ్స్ అయి ఉండాలి. వాట్లు చూసి మోసపోవద్దు, స్టీరియో డబ్బా మీద 4×50 అని ఉంటుంది, 14.4 వోల్టులను 4 ఓమ్స్ మీద లెక్క వేస్తే వచ్చే గరిష్ఠ అంకె అది, శుభ్రంగా పాడేది ఒక్కో ఛానెల్‌కి 18 నుంచి 20 వాట్లే. స్పీకర్ మీద ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగల వాట్లు) అని రాసిన అంకె చూడండి, 30 నుంచి 50 మధ్య ఉంటే మీ స్టీరియోకి చాలు, 300 వాట్లు అని పెద్దగా రాసినవి అక్కర్లేదు. విడిగా ఆంప్లిఫయర్ పెట్టుకున్న వాళ్లకు లెక్క వేరు, వాళ్లు ముందు దాని ఫ్యూజు, తర్వాత స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లను ఎడమ కుడి మార్చి చూడాలి.

అంతా అయ్యాక ప్యాడ్ బిగించేసే ముందు పాట పెట్టి, తలుపును కనీసం 20 సార్లు తెరిచి వేయండి, మెల్లగా కొన్నిసార్లు, మామూలుగా వేసే విసురుతో కొన్నిసార్లు. ఒక్కసారి కూడా తెగకుండా పాడితేనే షీటు అంటించి ప్యాడ్ బిగించండి.

ఇదంతా మీరే చేయలేకపోతే ఎవరితోనైనా చేయించుకోండి, కానీ "గొట్టంలో వైరు తెగిందేమో బీప్ చూడండి" అని ముందే చెప్పి, మీ ఎదురుగానే కొలవమనండి. ముందు ఆ రబ్బరు గొట్టం కదిపి చూసి, స్పీకర్ కాళ్ల మధ్య మీటర్ ఎంత చూపించిందో రాయండి. ఆ రెండూ తెలిస్తే తర్వాత ఏ వైరు పట్టుకోవాలో చెబుతాను.